ఎనిమిది పోగుల అతుకు

మార్కండేయులని ఉన్నాడు, సాలెల వీధిలో చివరిల్లు ఆయనది, గుంటమగ్గం మీద చీరలు నేస్తాడు. డెబ్బై దగ్గర పడ్డా కళ్లజోడు లేదు. అచ్చు అతకడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినోడు లేడంట. అచ్చు అతకడమంటే ఏందో తెలియని వాళ్లు కూడా ఉంటారు, చెప్తా వినండి. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొసకి కొత్త పోగు కొస కలపాలి. ముడి వెయ్యకూడదు, ముడేస్తే చీరలో తగులుద్ది. వేళ్లకి ఇంత బూడిద అద్దుకుని మెలి పెట్టాలి. ఒకటి కాదు రెండు కాదు, మూడు వేల పోగులు అనుకో. ఏ రంగుకి ఆ రంగు తప్పకుండా పోవాలి. మార్కండేయులు అతికిన పోగు ఎండలో పట్టుకుని చూసినా అతుకు ఎక్కడుందో దొరకదంట. అది ఆయన గొప్ప. గొప్ప ఉండటం తప్పు కాదు, దాన్ని ఎక్కడ వాడతావన్నదే లెక్క. ఆ సంగతికే వస్తున్నా.

ఆయన కోడలు చంద్రకళ. ఆ పిల్లకి నేత రాదు గానీ కంప్యూటరులో చీర అంచులు గీసుద్ది. సాయంత్రం మగ్గం దిగాక మామ పక్కన కూర్చుని, మామయ్యా, మీ అమ్మ నేసిన మొగ్గల అంచు ఎట్టా ఉండేది అని అడుగుద్దంట. ఈయన గాలిలో వేలుతో గీసి చూపిస్తే, అబ్బ, నిదానంగా మామయ్యా, ఆ మలుపు మళ్లీ చూపించు అంటదంట. అట్టా రెండేళ్లలో రెండొందల పైన అంచులు ఆ కంప్యూటరులో చేరినయ్యంట. ఆయన తల్లివి, మేనత్తవి, ఇప్పుడు ఎవరూ నెయ్యనివి. కొడుకుతో కూడా అంత మాట్లాడడు ఆయన, కోడలితోనే.

ఇట్టా ఉండగా ఏమైందంటే, పట్నంలో ఒక పెద్ద చీరల కంపెనీ వాళ్లు ఇంట్లో కూర్చునే అంచులు గీసిపెట్టే మనిషి కావాలన్నారు. చంద్రకళ రాసుకుంది. బేస్తవారం పదకొండింటికి పరీక్ష. వాళ్లు అక్కడ కూర్చుని చూస్తుంటే ఈ పిల్ల ఇక్కడ తన కంప్యూటరులోనే అంచు గీసి చూపించాలంట. ఆ గంటకి కనపడకపోతే పేరు కొట్టేస్తారంట. ఏడాదిలో నాలుగు నెలలు మగ్గం ఊరికే ఉండే ఇల్లు అది. ఆ ఉద్యోగం వచ్చిందా, ఇల్లు నిలబడుద్ది. అందుకని ఆ వారమంతా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలా.

ఇప్పుడు ఇల్లు కళ్ల ముందు పెట్టుకోండి. నెట్టు పెట్టె వసారా గోడకుంది. కంప్యూటరు లోపలి గదిలో ఉంది. రెంటికీ నడుమ మగ్గం గది. ఆ గది గోడ వారన, నేలని ఆనుకుని, పెట్టె నుంచి కంప్యూటరుకి నల్ల వైరొకటి పోద్ది. పాత కంప్యూటరు అది, వైరు లేందే దానికి నెట్టు అందదు. ఆ వైరు పక్కనే పడుగుకి పెట్టే గంజి కుండ ఉంటది. చంద్రకళ మొదట్లోనే చెప్పిందంట. "మామయ్యా, కుండ ఇక్కడ వద్దు. గంజి చిందితే ఎలకలు వైరు కొరుకుతయ్యి" అని. ఈయన ఏమన్నాడనుకున్నారు? "నలభై ఏళ్లుగా కుండ ఈడే ఉంది. మీ వైరే మొన్న వచ్చింది. జరగాల్సింది వైరు గానీ కుండ కాదు" అన్నాడంట. పెద్దోళ్లం కదా, మన కుండ జరగదు.

బుధవారం మధ్యాన్నం ఆ పిల్ల బజారుకి పోయినప్పుడు మార్కండేయులు చూసుకుంటే, ఇంకేముంది, వైరు రెండు ముక్కలై ఉంది. ఎలక కొరికేసింది. కోడలొచ్చి చూస్తే నేను చెప్పలేదా అంటదేమో. అనకపోతే ఇంకా సిగ్గు. వైరు చేతిలోకి తీసుకుని చూశాడంట. పైన నల్ల తొక్క, లోపల ఎనిమిది సన్నటి పోగులు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ఒక్కోదానికీ తెల్లచారల జత ఒకటి. ఓస్, ఇంతేనా అనుకున్నాడంట. మూడు వేలు అతికే చేతికి ఎనిమిది ఒక లెక్కా? ఏ రంగుకి ఆ రంగు కొస మీద కొస పెట్టి, జిగురు రాసి, పట్టు పోగుతో చుట్టాడు. పైన తొక్క దగ్గరికి లాగి, మైనంలో దీపం మసి కలిపి పూసి, గుడ్డతో నున్నగా రుద్దాడు. అతుకు మాయమైపోయింది. చంద్రకళ బజారు నుంచొచ్చి ఆ పక్కనుంచే లోపలికి పోయింది, ఏమీ తెలియలా, ఆ రాత్రి నెట్టుతో పని కూడా పడలా. ఈయన చెప్పలా. బాగైపోయిందిగా, ఇంక చెప్పేదేముంది అని తనకి తనే నచ్చచెప్పుకున్నాడంట. తప్పు చేసినోడు మొట్టమొదట మోసం చేసేది తన్నే, అది గుర్తుపెట్టుకోండి.

తెల్లారింది. ఎనిమిదింటికి చంద్రకళ స్నానం చేసి, పూజ చేసుకుని, కంప్యూటరు పెట్టింది. నెట్టు లేదు. మూలన ఎర్ర ఇంటూ గుర్తు పడింది. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. ఎర్ర గుర్తే. వసారాలోకొచ్చి పెట్టె ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ పెట్టింది. పెట్టె మీద పచ్చదీపాలు బాగానే వెలిగినయ్యి. లోపలికి పోయి చూస్తే మళ్లీ ఎర్ర గుర్తు. వైరు కొసలు రెండు పక్కలా పీకి, ఊది, చెంగుతో తుడిచి, టిక్కుమనేదాకా నొక్కింది. ఊహూఁ. ఏం పోయిందో చెప్పమని కంప్యూటరునే అడిగితే, వైరు తగిలించలేదు అని రాసి చూపించిందంట. "తగిలించే ఉందిగదే!" అని ఆ పిల్ల దాని మీద కేకలేసింది. అత్త నాగరత్నమ్మ వంటింట్లో నుంచొచ్చి, "దానికి కళ్లు లేవేమోనే, ఎదురుగా ఉన్న వైరు కనపడట్లా?" అందంట. ఆ ఇంట్లో ఆ పొద్దు నిజం చెప్పింది అదొక్కటే, దాన్నే గుడ్డిదన్నారు. మార్కండేయులు మగ్గం గుంటలో కూర్చుని అన్నీ వింటున్నాడు. నాడె విసరట్లా, మగ్గం చప్పుడే లేదు. నా అతుకు ఊడదు, ఇంకేదో పోయుంటదిలే అనుకుంటున్నాడు. అనుకుంటున్నాడు గానీ గుంటలో నుంచి లేచి చూడట్లా.

తొమ్మిదిన్నరకి నెట్టు మస్తాను వచ్చాడు. ఆ ఇంటికి లైను వేసినోడు అతనే. పెట్టె చూశాడు, తన ఫోన్లో పెట్టి చూశాడు, "లైను శుభ్రంగా వస్తుంది చెల్లెమ్మా" అన్నాడు. మరి వైరు చూడన్నా అంది. వంగి ఈ కొస నుంచి ఆ కొసదాకా చెయ్యేసి తడుముకుంటా పోయాడంట. అతుకు మీద నుంచి కూడా చెయ్యి పోయింది. మస్తాను ఆగలా. "నేను వేసిన వైరమ్మా ఇది, ఎక్కడా గీత లేదు, కొత్తదానికన్నా నున్నగా ఉంది. పోయింది నీ కంప్యూటరే" అనేశాడు. అతనికి అతని పని మీద నమ్మకం, ఈయనకి ఈయన పని మీద నమ్మకం, నడుమ ఆ పిల్ల నలిగిపోతుంది. "పోనీ కంప్యూటరు మోసుకొచ్చి పెట్టె పక్కనే తగిలిద్దామా అన్నా?" అని అడిగింది. "దానికైనా ఇంకో వైరు కావాలిగా. నా దగ్గర చుట్ట అయిపోయింది, రేపొచ్చుద్ది" అన్నాడు. "ఇప్పుడు చెయ్యగలిగిందల్లా ఒకటే. లోపలున్నదంతా తుడిచేసి మళ్లీ మొదటి నుంచి వెయ్యాలి. అట్టయినా వచ్చుద్దని చెప్పలేను. నీ బొమ్మలు ఇంకెక్కడన్నా దాచావా?" లేదంది, ఇప్పటికిప్పుడు దాచుకునే వీలూ లేదు. "అయితే అవి పోతయ్యమ్మా."

గోడ గడియారంలో పదీ ఐదు. చంద్రకళ కుర్చీలో కూర్చుని ఆ అంచులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసుకుంది. మొగ్గల అంచు, గవ్వల అంచు, మేనత్త నేసిన నెమలి కంఠం అంచు. కళ్లనీళ్లు తుడుచుకుని, "తుడిచెయ్యన్నా. మామయ్యకి అన్నీ గుర్తున్నయ్యి, మళ్లీ అడిగి గీసుకుంటా. పరీక్షన్నా దక్కనీ" అంది.

ఆ మాట మగ్గం గదిలోకి వినపడింది. మార్కండేయులు గుంటలో నుంచి లేచాడంట. లేచేటప్పుడు తల కొయ్యకి కొట్టుకుంది, చూసుకోలా. "ఆగు మస్తానూ, దాని మీద చెయ్యి పెట్టబాకు" అన్నాడు. గోడ వారన కూర్చుని వైరు వేళ్ల మధ్య పెట్టి, కళ్లు మూసుకుని జరుపుకుంటా పోయాడు. ఒకచోట ఆగాడు. "ఇక్కడ" అన్నాడు. "ఇక్కడేముంది పెద్దాయనా?" అన్నాడు మస్తాను. ఈయన గోరుతో గీకాడు. మసి మైనం పెచ్చులుగా రాలింది. కింద ఎనిమిది పోగులు, ఎనిమిది పట్టు చుట్లు. "నిన్న ఎలక కొరికిందమ్మా. నువ్వు చెప్పినా నేను కుండ జరపలా. కనపడకుండా అతికేసి, ఊరుకున్నా" అన్నాడంట. మొత్తం చెప్పాడు, ఒక్క ముక్క దాచలా. కోడలి ముందు, బయటోడి ముందు, పెళ్లాం ముందు. అది మాత్రం ఒప్పుకోవాలి.

మస్తాను ఆ అతుకు చూసి నోరు తెరిచాడు. "రంగుకి రంగు ఎంత బాగా కట్టావు పెద్దాయనా! కానీ లోపల రాగి ఉంటది. రాగి రాగికి తగలాలి. నువ్వు తొక్కకి తొక్క కలిపావు" అన్నాడు. నాగరత్నమ్మ ఊరుకుంటదా? "నా చీర చిరిగిందయ్యా అంటే మూడు నెలలు పట్టుద్ది. ఎలక కొరికింది మాత్రం గంటలో కుట్టాడు మహానుభావుడు!" అంది. చంద్రకళ ఆయన వైపు చూడలా. అదే ఆయనకి పెద్ద దెబ్బ. గడియారం చూసి, "ఎంతసేపు పట్టుద్దన్నా?" అంది. "ఒక్కోటీ తొక్క తీసి కలపాలి, నా చేతులకి ముప్పావుగంట" అన్నాడు. అప్పుడా పిల్ల మామ వైపు తిరిగి, "మామయ్యా, కూర్చో. అన్న తొక్క తీస్తాడు, నువ్వు మెలి పెట్టు. ఈసారి నేను చూస్తుండగా పెట్టు" అంది.

కూర్చున్నాడంట. మస్తాను చిన్న కత్తితో తొక్క తీస్తున్నాడు, లోపల రాగి వెంట్రుకలా మెరుస్తుంది. ఈయన ఏ రంగుకి ఆ రంగు పట్టుకుని, బొటనవేలు చూపుడువేలు మధ్య ఒక్క తిప్పు. నారింజ అయింది, దాని జత అయింది, ఆకుపచ్చ అయింది. మస్తాను ఒకటి తీసేలోపు ఈయన ఒకటి మెలిపెట్టి ఖాళీగా చూస్తున్నాడంట. ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా టేపు చుట్టారు. పావుగంట పట్టింది అంతా కలిపి. చంద్రకళ లోపలికి పరిగెత్తింది. ఎర్ర గుర్తు లేదు. "వచ్చింది మామయ్యా!" అని కేకేసింది. అత్తయ్యా అనలా, అన్నా అనలా, మామయ్యా అనే కేకేసింది. ఈయన గోడకానుకుని కళ్లు మూసుకున్నాడంట.

పదకొండింటికి కంపెనీ వాళ్లు కనపడ్డారు, ఈ పిల్ల గీసింది. ఆ గంటసేపూ మార్కండేయులు మగ్గం ముట్టలా, చప్పుడైతే కోడలి చెయ్యి బెదురుద్దని. గంజి కుండ మాత్రం తీసుకుపోయి పెరట్లో పెట్టొచ్చాడు. వారానికి ఉద్యోగం వచ్చిందని కబురొచ్చింది. వీధిలో అందరికీ బెల్లం పెట్టారు, నాకూ పెట్టారు.

నేను చెప్పేది ఒక్కటే. తప్పు అందరూ చేస్తారు. చేతకానోడు చేసిన తప్పు వెంటనే బయటపడుద్ది, బాగుపడుద్ది. చేతనైనోడు తన తప్పుని తన పనితనం కిందే దాచుకోగలడు, అది ఇంకొకరి కొంప మీదికొచ్చేదాకా దొరకదు. అందుకని పనిమంతుడు పదిమందికన్నా ముందు నోరు తెరవాలి. మార్కండేయులు ఒక పూట ఆలస్యంగా తెరిచాడు. ఇంకొక్క గడియ ఆగుంటే వాళ్లమ్మ అంచులన్నీ పోయేయి.

ఈ కథ నేను ఆయన లేనప్పుడు చాటుగా చెప్పేది కాదు. పోయిన ఆదివారం రచ్చబండ మీద ఆయన ఎదురుగానే చెప్పా. తల వంచుకుని మొత్తం విన్నాడు. అయిపోయాక దగ్గరికొచ్చి, "కుండ జరపలేదని చెప్పు, దాచానని చెప్పు, నలుగురికీ చెప్పు, నాకేం కోపం లేదు. అతుకు బాగాలేదని మాత్రం ఎక్కడా అనబాకు" అన్నాడు. నేనెక్కడా అనలా. మీరే సాక్ష్యం.