గోడ దాటిన గడ్డి

తిరపతయ్యకి గడ్డి పిచ్చి పట్టింది. నవ్వమాకండి, నిజంగానే పట్టింది. అప్పటిదాకా బాగానే ఉన్నోడే. మూడెకరాల మిరపచేను, ఒక పాడిగేదె, పెళ్ళాం ఆదెమ్మ, తన పనేదో తనది. ఏమైందంటే, ఎవరిదో గట్టు తగువులో సాక్ష్యం చెప్పటానికి ఒక ఎండాకాలం గుంటూరు పోయాడంట. పొద్దున్నే ప్లీడరు గారింటికి పోతే ఆ ఇంటి ముందర నేలంతా పచ్చటి గడ్డి, దుప్పటి పరిచినట్టు. లాను అంటారంట దాన్ని. ఆ ప్లీడరు చెప్పుల్లేకుండా దాని మీద అటూ ఇటూ తిరగతన్నాడంట. ఈయన కూడా మెల్లిగా చెప్పు విడిచి ఒక కాలు పెట్టి చూశాడు. పిల్లి వీపు మీద కాలు పెట్టినట్టుంది అనుకున్నాడంట. ఇంక సాక్ష్యం ఏం చెప్పాడో దేవుడికెరుక, బజారుకి పోయి గడ్డి గింజలు తెచ్చుకున్నాడు. గసగసాల మాదిరి ఉంటయ్యి ఆ గింజలు, ఊదితే ఎగిరిపోతయ్యి. ఊళ్ళో తెలిసింది. తెలవకుండా ఉంటదా. రచ్చబండ కాడ ఒకటే నవ్వులు. మనం చేలో గడ్డి పీకలేక నడుములు పడిపోతంటే ఈయన గడ్డి పెంచుతాడంట, రేపు తేళ్ళని కూడా సాకుతాడేమో అనేవోళ్ళు. ఆదెమ్మ అయితే, మిరపకాయలు నీ నెత్తిన ఆరబోసుకోనా అందంట. ఆయన వింటేగా.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే కథ తెలవదు. చేతులు ఆడిస్తా వినండి, వలవమన్న శెనక్కాయలు అట్నే ఉన్నయ్యి బుట్టలో. తిరపతయ్యకి ఒక అక్క ఉండేది, అంకమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే ఈయన్ని ఎత్తుకుని పెంచింది. పెళ్ళయి అత్తారింటికి పోయింది, మొగుడు పోయాక మళ్ళీ పుట్టింటికే వచ్చింది. నాయన ఉన్న జాగాని రెండు చేసి మీ ఇష్టం అంటే, వాడు పిల్లలు గలవాడు, మెరక వాడు తీసుకోనీ అని పల్లం తను తీసుకుంది. పక్కపక్కనే రెండిళ్ళు. బాగానే ఉన్నారు. ఉండగా ఉండగా ఒక యేడు తిరపతయ్య మిరపకాయలు ఆరబోసుకోటానికని తన వాకిట్లో మట్టి తోలి మూరెడు ఎత్తు లేపాడు. అసలే మెరక, ఇంకా మెరకైంది. ఆ యేటి వానకి నీళ్ళన్నీ అక్క ఇంట్లోకి పోయి పొయ్యి కరిగిపోయింది. మట్టిపొయ్యి గదా, రాత్రి అలికింది తెల్లారేసరికి బురద. ఆమె వచ్చి, ఆ నీళ్ళకేదన్నా దోవ చూపించరా తమ్ముడా అని అడిగింది. మామూలుగానే అడిగింది. ఈయన ఏ చిరాకున ఉన్నాడో, పక్కన నలుగురున్నారు గూడా, ఏమన్నాడంటే, "నీళ్ళు పల్లానికి పోక మెరక్కి పోతయ్యా? పల్లంలో ఉన్నోళ్ళే చూసుకోవాలి."

ఆ మాట. ఇంకోటంటే పడేదేమో. పల్లం తనెందుకు తీసుకుందో వాడికి తెలుసు గదా. ఆమె అట్నే వెనక్కి తిరిగి పోయింది. తెల్లారి కూలోళ్ళని పెట్టి మధ్యన ఛాతీ ఎత్తున మట్టిగోడ పెట్టించింది. నీళ్ళు ఆగితే గోడ పడిపోద్దని అడుగున చిన్న తూము వదిలిందనుకో. ఇంక మాటల్లేవు. ఒక యేడు కాదు రెండేళ్ళు కాదు, ఎనిమిదేళ్ళు. పండక్కి పిలుపు లేదు, జొరమొస్తే పలకరింపు లేదు. ఆదెమ్మ ఒకసారి పచ్చడి పట్టుకుపోతే ఆమె తలుపు తియ్యలేదంట.

సరే, గడ్డి దగ్గరికొద్దాం. రోహిణి కార్తెలో చల్లాడు మొదటిసారి. నేల తవ్వాడు, రాళ్ళేరాడు, గింజల్లో ఇసక కలిపి చల్లాడు, నీళ్ళు చిలకరించాడు. ఆ ఎండకి నేల పెనం లాగుంటే గింజ మొలుస్తదా. సగం చీమలు మోసుకుపోయినయ్యి, సగం కోళ్ళు తిన్నయ్యి. తొలకరి పడ్డాక మళ్ళీ చల్లాడు. ఈసారి ముళ్ళకంప వేశాడు కోళ్ళు రాకుండా, పెంటకుప్ప మీది ఎరువు జల్లెడ గూడా పట్టకుండా అట్నే వేశాడు. మూడోనాడు మబ్బు పట్టింది. ఆయన సంతోషపడ్డాడంట, దేవుడే నీళ్ళు పోస్తన్నాడని. పోశాడు. అట్టా ఇట్టా కాదు, కుండతో గుమ్మరించినట్టు సాయంత్రం దాకా పోశాడు. వాన వెలిసి చూస్తే వాకిలి నున్నగా గుండు గీసినట్టుంది. మెత్తమట్టి, ఎరువు, గింజ అన్నీ కలిసి ఆ తూములోంచి జారిపోయినయ్యి. ఎటు పోతయ్యి? పల్లానికే.

పదిరోజులకి గోడవతల చూడాలి. అంకమ్మ వాకిట్లో పచ్చగా, సన్నగా, పసిబిడ్డ నెత్తిమీద వెంట్రుకల్లాగా మొలిచింది. ఇవతల తిరపతయ్య వాకిట్లో ఏమొచ్చిందంటే, ఆ జల్లెడ పట్టని ఎరువులోంచి అడుగున మిగిలిపోయిన తుంగ, తుత్తి, పల్లేరు, అంతా కలుపే. పాపం ఆయన పొద్దున లేచి గోడ కాడికి పోటం, దాని మీదికి వొంగి అటు చూట్టం, నిట్టూర్చటం. అన్నం సయించేది కాదంట. అడుగుదామంటే నోరు లేదు. పోనీ అక్కడన్నా బతుకుతదిలే అనుకుంటే, అంకమ్మ ఎవరు? చుట్టుపక్కల నాలుగూళ్ళలో కలుపు తియ్యటంలో ఆమెని కొట్టినోళ్ళు లేరు. చేలో దిగిందంటే కలుపు దానంతటదే లేచి నిలబడుద్దనేవోళ్ళు. అట్టాంటి మనిషి ఒకనాడు పొద్దున్నే కలుపు తీసే తొలిక పట్టుకుని వాకిట్లో కూర్చుంది.

తిరపతయ్యకి పై ప్రాణం పైనే పోయింది. పెళ్ళాన్ని పిలిచి, చెప్పవే ఆమెకి పీకొద్దని అన్నాడంట. ఆదెమ్మ, మీ అక్క, మీ గడ్డి, మధ్యన నన్ను పెట్టమాక అని లోపలికి పోయింది. ఇంకేం చేస్తాడు, అక్కడ కట్టేసున్న గేదెతో మాట్లాడాడు. ఏమే గేదే, కొంతమందికి పట్నం గింజ విలువ తెలవదే, చేతికందిందల్లా పీకుతారే అన్నాడు గట్టిగా. గేదె నెమరేస్తా చూసింది. అవతల అంకమ్మ కోడితో అందంట, ఏమే కోడీ, కొంతమందికి చల్లటం వచ్చుగానీ ఏది గడ్డో ఏది కలుపో తెలవదే అని. కాసేపు ఇట్టా గేదెతో ఈయన, కోడితో ఆమె. ఇంతలో ఆమె తొలిక దించి ఒక మొక్క కుదుట్లో పెట్టి లేపింది. ఈయనకి ఎనిమిదేళ్ళ పంతం ఏమైందో, గోడ మీదికి ఎగబాకి, "అక్కా, పీకమాకే" అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు. చేతిలో మొక్క పైకెత్తి చూపించింది. అడుగున నల్లటి గడ్డ, చిక్కుడుగింజంత.

"ఇది తుంగరా తిరపతీ. పైన తెంపితే కింద రెండొస్తయ్యి. తడి మీద ఉన్నప్పుడు గడ్డతో తియ్యాలి. నీ గడ్డి నేనెందుకు పీకుతాను."

అప్పుడు చూశాడంట ఆయన. ఆమె పక్కన తుంగ కుప్పగా ఉంది. గడ్డిపోచ ఒక్కటి లేదు అందులో. గోడ దిగాడు, అవతలికి. ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎట్టా పట్టుకోవాలో, ఎట్టా లాగాలో ఆమె చెప్తంటే, ముసలోడు అయ్యాడు గదా అప్పటికి, పిల్లోడిలాగా నేర్చుకుంటన్నాడు. మధ్యాన్నం దాకా తీశారు. అప్పుడు అన్నాడంట, నేల వంకే చూస్తా, "ఆ రోజు ఆ మాట నేను అనకుండా ఉండాల్సిందక్కా." ఆమె ఇంకో రెండు మొక్కలు తీసినాక, తెంపమాక, మొదలు పట్టి లాగు అంది. అంతే.

మాటతో ఏమవుద్ది? ఆయనకీ తెలుసు. తెల్లారి నించి పార పట్టాడు. ఎనిమిదేళ్ళ కింద తోలిన మూరెడు మట్టీ తవ్వటం మొదలుపెట్టాడు. ఆదెమ్మ తట్టల్తో బండికెత్తటం, ఆయన చేలో పోసి రావటం. మూడోనాడు అంకమ్మ గోడ మీదనించి చెంబుతో మజ్జిగ అందించింది. ఆదెమ్మ అందుకుంది. ఏడో నాటికి వాకిలి పాతమట్టానికొచ్చింది, గోడ పక్కన వీధిలోకి కాలవ గూడా తవ్వాడు. ఊళ్ళో మళ్ళీ నవ్వారు, గడ్డి కోసం మెరక దిగాడని. నవ్వనీ.

అప్పుడు అక్క చెప్పింది, ఇంక గింజ జోలికి పోమాకురా, నా వాకిట్లో పిలకలు తీసుకో అని. శ్రావణమాసం ముసురులో జానకొకటి చొప్పున పిలకలు నాటారు. దసరా నాటికి పాకి పాకి కలిసిపోయింది. పదిరోజులకోసారి కొడవలితో పైపైన కోసేవోళ్ళు. మొదట్లో తిరపతయ్య మొదలుకంటా కోస్తే అక్క చెయ్యి మీద కొట్టిందంట. గుండు గియ్యమాక, మూడొంతుల్లో ఒక వంతే కొయ్యి, లేకపోతే ఎండ మొదట్లో తగిలి తుంగకి సందిస్తావు అంది. మంచు కాలంలో ఎరువు జల్లెడ పట్టి, చెరువుమట్టి కలిపి పల్చగా చల్లారు. కోసిన గడ్డి గేదెకి. పాలు పెరిగినయ్యి అంటాడు ఆయన. నేను నమ్మను, ఆయన సంగతి మీకు తెలవదు.

అంతా బాగుంది అనుకుంటన్నారా? ఎండాకాలం వచ్చింది. ఆ యేడు బావులు అడుగంటినయ్యి, తాగే నీళ్ళకే కావిళ్ళు మొయ్యాలి. గడ్డి మీద ఎవరు పోస్తారు? ముందు పసుపు తిరిగింది, తర్వాత చాపపుల్లల్లాగా ఎండిపోయింది, రెండు వాకిళ్ళూనూ. తిరపతయ్యకి దిగులు. ఇంత చేసి ఇదా అని పార తీసుకుని తవ్విపారెయ్యబోయాడంట. అంకమ్మ వచ్చి పార పట్టుకుంది. "చచ్చిందని ఎవరు చెప్పారు? తవ్వి చూడు ఒక్క చోట." తవ్వితే పైనంతా ఎండు, లోపల వేరు తెల్లగా ఉంది. అది గరికజాతి గదా, ఎండలకి పైన చచ్చినట్టు నటిస్తది. వారానికోసారి సాయంత్రం పూట అంట్లు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు ఇద్దరిళ్ళలోవీ కలిపి పోసేవోళ్ళు. దాని మీద ఎవర్నీ నడవనిచ్చేవోళ్ళు కాదు. మృగశిరలో రెండు జల్లులు పడ్డయ్యి. నాలుగు రోజులకి చూస్తే, నాయనా, చిలకలు వాలినట్టు.

గోడ పడగొట్టారా అని అడుగుతారు మీరు. అందరూ అడుగుతారు. లేదు, కోళ్ళు రాకుండా ఉండాలిగా. మనిషి పట్టేంత సందు కొట్టి తడిక పెట్టుకున్నారు.

తర్వాతెప్పుడో మా అమ్మ అడిగిందంట అంకమ్మని. మా అమ్మకి ఆమె వరసకి వొదినె. తెల్లారకముందే లేచి కల్లాపి చల్లి వాకిలి అద్దంలా ఊడ్చేదానివి గదా వొదినా, ఆ గడ్డి మొలకలప్పుడే ఎందుకు ఊడ్చెయ్యలేదు, అదేం గడ్డో నీకప్పుడు తెలవదు గూడా, అని. అంకమ్మ ఆకు నముల్తా, "మావాడింటి నించి ఎనిమిదేళ్ళలో బురద కాకుండా వచ్చింది అదొక్కటేగా. ఎట్టా ఊడుస్తాను?" అందంట.

అదీ సంగతి. ఏంది అందరూ అట్టా నోళ్ళు తెరిచారు? వినమంటే విన్నారు గానీ బుట్టలో ఒక్క కాయ తగ్గలా. పొద్దు వాలతంది, లేవండి. రాసుకుంటన్న అయ్యా, నువ్వు గూడా ఆ కలం పక్కన పెట్టి నాలుగు కాయలు వలిచి పో, నీకేమన్నా వేళ్ళు అరిగిపోతయ్యా.