నూటయాభై సున్నాలు

"ఒరే జావేదూ! పిల్లలకి సదువు సెప్తన్నావా, అప్పడాల్లాగ ఎండబెడతన్నావా? నాలుగు రోజులు! నాలుగు రోజుల్నించి నా మనవరాల్ని ఈ డాబా మీద ఒట్టి కాళ్ళతో నిలబెట్టావట. దాని అరికాళ్ళు సూసావా? నువ్వు, నీ పరీచ్చ, ఆ పరీచ్చ పెట్టే గవర్నమెంటోళ్ళు, అందరూ కలిసి తొమ్మిదేళ్ళ గుంటని సంపేత్తారేటి?"

ఒంటిపూట బళ్ళ కాలం, శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర. పూర్ణా మార్కెట్లో ఆకుకూరలమ్మే కాశమ్మ గంప నెత్తినుండగానే జావేద్ మాస్టారి ట్యూషను మేడ ఎక్కేసింది. రేకుల గదిలో ముప్పైమంది పిల్లలు రాయడం ఆపి గుమ్మం వైపు చూస్తున్నారు. బయట ఎండలో శ్రీసత్య తలొంచుకుని నిలబడి ఉంది.

"అత్తా, ముందు ఆ గంప దించు. క్లాసు జరుగుతోంది."

"జరగనీ. మీ అమ్మ ఆమినాబీకి పుదీనా ఇద్దామని వచ్చి తలెత్తి సూత్తే ఏటి కనిపించింది? నా గుంట! అదేమో ఇంటికొచ్చి 'నానమ్మా, మాకు డాబా మీద క్లాసు' అంటాది. గాలాడతాదిలే అనుకున్నాను. రాత్రి అరికాళ్ళకి కొబ్బరినూనె రాయమంది. ఏటే అంటే నడిసొచ్చాను అంది."

"పిల్లల ముందు అరవకత్తా. నాకూ ఒక మర్యాద ఉంది."

"మర్యాదా? నిన్ను సంకలో ఏసుకుని ఈ ఈధంతా తిప్పాను. నువ్వు నా కోక ఎన్నిసార్లు తడిపావో సెప్పమంటావా పిల్లల ముందు?"

"వద్దొద్దు. ఒరేయ్, నవ్వకండి! అందరూ పదకొండో లెక్క చూడండి. లెక్క అక్కడుంది, నా మొహంలో కాదు. అత్తా, ఇలా గుమ్మం పక్కకి రా. నెమ్మదిగా మాట్లాడుకుందాం."

"సెప్పు. నెమ్మదిగానే సెప్పు. బేగి సెప్పు."

"శ్రీసత్యని రేపట్నుంచి పంపొద్దు."

"ఏటీ?"

"పంపొద్దు. పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. మిగతా పిల్లలు పాడైపోతారు."

"పంపొద్దా? 'అత్తా, గురుకులంలో సీటొస్తే ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా తిండి, బట్ట, సదువు అన్నీ వాళ్ళే చూస్తారు, ఈ పిల్లకి తప్పకుండా వస్తుంది' అన్నదెవుడు? నువ్వే కదా? పోయిన నెల మా ఇంటికొచ్చి మరీ సెప్పావ్. దాని అయ్య ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఏ వారం ఏ షిఫ్టో ఆడికే తెల్దు. తల్లి పొద్దుగూకులూ మిషనుమీదే. ఇద్దరూ 'అమ్మా, నువ్వే దగ్గరుండి సదివించు' అని నా మీద వదిలేసారు. ఇప్పుడు ఆళ్ళకి నానేటి సెప్పాలి? మాస్టారికి కోపమొచ్చింది, సీటు పోయింది అని సెప్పాలా?"

"కోపం కాదత్తా. పిల్లకే ఇష్టం లేదు. నన్ను ఎగతాళి చేస్తోంది."

"ఆ గుంటా? ఎగతాళా? దాని నోట్లో నాలిక ఉందో లేదోనని నాకే అనుమానం."

"నోటితో కాదు, కాగితం మీద. పోయిన శుక్రవారం దాకా బంగారం. ముప్పైమందిలో ఫస్టు. శుక్రవారం నుంచి ఈ సున్నాల కాగితాలు ఇవ్వడం మొదలుపెట్టాను. అసలు పరీక్షలో ఇవే ఇస్తారు, అలవాటవ్వాలని. ఇంటి దగ్గర దిద్ది మర్నాడు తెమ్మంటాను. అందరూ తెస్తున్నారు. మీ పిల్లా తెస్తోంది. ఎలా తెస్తోందో నువ్వే చూడు. ఇది శనివారానిది. ఇది సోమవారం. ఇది మంగళవారం."

"ఏదీ, ఇటియ్యి."

"యాభై ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకి నాలుగు సున్నాలు. నాలుగూ నింపేసింది! యాభై ప్రశ్నలకీ! శనివారం చెప్పాను. సోమవారం తిట్టాను. మంగళవారం నుంచి నిలబెట్టాను. ఈరోజు కూడా అలాగే తెచ్చింది. ఆరు కాగితాలు, ఆరు గుండుసున్నాలు. పోనీ చేతకాక చేసిందా? ఎంత నీటుగా ఉందో చూడు! గీత దాటి ఒక్క చుక్క ఇంకు బయటికి రాలేదు. అచ్చులో కొట్టినట్టుంది. అదే నాకు ఒళ్ళు మండించింది. కావాలని, కూర్చుని, ఓపిగ్గా..."

"మరి! నీటుగా లేకపోతే ఎలగ? నలభై ఏళ్ళు వాకిట్లో ముగ్గెట్టిన సెయ్యి. ఒక్క సుక్క పక్కకెల్తే మా అత్త పేడనీళ్ళు నా మొహాన కొట్టేది."

"ఎవరి చెయ్యి?"

"నాదే. ఎవులిదనుకున్నావ్?"

"అత్తా. ఇవి... నువ్వు దిద్దావా?"

"అన్నీ నానే దిద్దాననను, అబద్ధమెందుకు? అది యాభై దిద్దేసి తొంగుంటాది. మిగతా నూటయాభై నా మీద పడతన్నాయి."

"యా అల్లా."

"అలగ తల కొట్టుకుంటావేటి? రోజూ తెల్లారగట్ల లేత్తాను కదా, ఆకుకూర బండి వచ్చేలోపు గంట ఖాళీ. మొదట్రోజు దాని కాగితం సూసాను. ఓలమ్మో! ముప్పాతిక ఖాళీ! పాపం గుంట నిద్రకి ఆగలేక వదిలేసింది, మాస్టారు తన్నేత్తాడు అనుకున్నాను. నాకు అచ్చరం ముక్క రాదు కానీ సున్నా నింపడానికి అచ్చరాలెందుకు? అది ఎలగ దిద్దిందో సూసి అలగే దిద్దాను. కళ్ళజోడు లేకండా!"

"దిద్దాల్సింది ఒక్కటేనత్తా. నాలుగింట్లో ఒక్కటే."

"ఒక్కటే అయితే నాలుగెందుకిచ్చారు? మిగతా మూడూ దిష్టికా?"

"ఒకటి రైటు. మూడు తప్పులు. రైటేదో కనిపెట్టి అదొక్కటే నింపాలి. రెండోది ముట్టుకుంటే మార్కు పోయినట్టే."

"ఉండు. తప్పులని తెలుసా ఆళ్ళకి?"

"తెలుసు."

"తెలిసీ అచ్చేసారా?"

"పరీక్ష అంటే అదేనత్తా."

"నాను గంపలో మూడు కుళ్ళిన కట్టలు, ఒక మంచి కట్ట కలిపేసి 'కుళ్ళింది తీసావంటే నీకు తోటకూర లేదు, ఇంటికి పో' అని బేరానికొచ్చినోళ్ళతో అంటే మార్కెట్లో నన్ను ఉండనిత్తారేటి?"

"ఒక్కో సీటుకి పాతికమంది ఉన్నారు. ఎలాగోలా వడబోయాలి కదా."

"సీట్లు పెంచడం సేతగాక పిల్లల్ని జల్లెడ పడతారన్నమాట. మళ్ళీ రాలిపోయినోడిదే తప్పంటారు. బాగుంది మీ సంబడం! దానికి నువ్వు జల్లెడ పట్టుకుని కూకున్నావ్..."

"నన్నంటావేంటి? నేను ఆ జల్లెడ దాటించడానికేగా చస్తున్నాను!"

"అరవకు. ఆగు. నన్ను ఆలోసించుకోనీ. ఒకటే దిద్దాలి. రెండోది దిద్దితే మార్కు పోద్ది. అంటే... అది దిద్దింది రైటే అయినా..."

"నువ్వు మిగతా మూడూ దిద్దాక అది ఏం దిద్దిందో ఎవరికి తెలుస్తుంది? సున్నా వేశాను."

"ఆరు రోజులూ?"

"ఆరు రోజులూ."

"నా వల్ల?"

"నీకు తెలియక చేశావత్తా."

"సత్తే! ఓలే సత్తే! ఇటు రాయే. నీడలోకి రా. రా అంటన్నానా. మాస్టారేటీ అనడు. అంటే నాను సూసుకుంటాను. కన్నీళ్ళు తుడుసుకో. ఈ కాగితాల మీద మిగతా సున్నాలు నానే నింపాను. నీకు తెలుసా?"

"తెలుసు నానమ్మా."

"ఎప్పట్నించి?"

"ఫస్టు రోజు నుంచి."

"మరి నోటి నిండా ముద్ద పెట్టుకున్నావేటే? 'నానమ్మా, ఒకటే దిద్దాలి' అని సెప్పడానికి ఏటి రోగం?"

"ఒకరోజు దాసేసాను కదా. బియ్యం డబ్బాలో."

"అదా! ఎలకలు కొట్టేత్తాయని నానే తీసి, మిగతావి దిద్ది, మడత పడకండా బ్యాగులో ఎట్టాను."

"అవును. సూసాను."

"సూసి?"

"నువ్వు పెన్ను పట్టుకోవడం నాను ఎప్పుడూ సూడలేదు నానమ్మా. నాలిక ఇలగ బయటెట్టి, ఒక్కోటీ ఊదుకుంటా దిద్దతన్నావ్. మళ్ళీ గౌస్ తాత ఉల్లిపాయల కొట్టు కాడ అందరికీ సెప్పావ్ కదా, 'ఈసారి పరీచ్చ మా గుంటా నానూ కలిసి రాత్తన్నాం, సగానికి పైగా నాదే' అని. నీ ఏలు మీద ఇంకు మరక కూడా సూపించావ్. అది కడుక్కోలేదు నువ్వు. నాను తప్పని సెప్తే ఆళ్ళందరూ నిన్ను నవ్వుతారు కదా."

"నా మొహం మీద నవ్వితే నవ్వనీయే! దానికోసం నువ్వు ఎండలో మాడిపోతావా? పోనీ నాకు సెప్పలేదు. ఈ మాస్టారికి సెప్పొచ్చు కదే."

"సార్ అడగలేదు."

"అదేంటి శ్రీసత్యా? రోజూ అడిగాను కదా నేను?"

"లేదు సార్. 'సిగ్గుందా' అని అడిగారు. 'నాతో ఆటలా' అని అడిగారు. 'మీ ఇంట్లో ఇదేనా నేర్పింది' అని అడిగారు. అవును సార్ అని ఎలగ సెప్తాను?"

"ఇన్నావా మాస్టారూ?"

"విన్నానత్తా. శ్రీసత్యా, ఆ ప్రశ్నపత్రాలు ఉన్నాయా? కాగితాలతో పాటు ఇచ్చినవి?"

"బ్యాగులో ఉన్నాయి సార్. పెన్సిల్తో టిక్కులు పెట్టుకున్నాను. నానమ్మకి పెన్సిల్ గీతలు కనిపించవు."

"ఏదీ, ఇలా ఇవ్వు. మొదటిది... ఇది రైటు... ఇది రైటు... ఇదీ... శనివారం, నలభై ఐదు. సోమవారం... ఆగు... నలభై ఆరు. ఈరోజుది చూద్దాం. ఈ గడియారం లెక్క కూడా చేసిందే! దీన్ని మిగతావాళ్ళలో ఒక్కడూ చెయ్యలేదు. నలభై ఎనిమిది. అత్తా, యాభైకి నలభై ఎనిమిది!"

"మిగతా రెండూ ఏటయ్యాయి?"

"అత్తా!"

"అడుగుతన్నాను. ఎండ దెబ్బకి పోయాయేమో అని."

"సరే. నాదే తప్పు. అయిపోయిందేదో అయిపోయింది. శ్రీసత్యా, రేపట్నుంచి లోపల కూర్చో. నువ్వు కాగితం ఇంటికి తీసుకెళ్ళకు, ఇక్కడే దిద్దు. అత్తా, ఇంక నువ్వు నిశ్చింతగా వెళ్ళు. సీటు వస్తుంది, నాదీ పూచీ."

"రేపట్నించి ఏటి? ఇయ్యాల?"

"ఈరోజు ఇంకో గంటే ఉంది కదా."

"ఆ గంట దానిది కాదేటి? తొమ్మిది రోజులే ఉన్నాయన్నావ్. సత్తే, లోపలికెల్లు. ఆ ఫ్యాను కింద కూకో. అక్కడ కాదు, సరిగ్గా కిందకి జరుగు. ఆ పక్క గుంటడు జరగకపోతే గంప బోర్లించి ఆడి నెత్తినెడతాను. పదకొండో లెక్కంట, సెయ్యి. ఎవులన్నా నవ్వితే పేరు రాసియ్యి నాకు."

"నీకు సదవడం రాదు కదా నానమ్మా."

"నువ్వు సదివి సెప్దువుగాని. కూకో."

"నువ్వు ఎల్లిపోతన్నావా?"

"లేదే. నాకు పనుంది ఇక్కడే. రోజుకి నూటయాభై తప్పులు, ఆరు రోజులు. తొమ్మిదొందల తప్పులు సేసాను. దానికి శిచ్చ ఉండాలి కదా. ఈ డాబా మీద నాను నిలబడతాను."

"అత్తా, ఏంటిది? పెద్దదానివి. వడదెబ్బ కొడుతుంది. నువ్వేం కావాలని చేశావా?"

"అది కావాలని సేసిందా? నాకు సదువు రాదు. తెలక సేసాను. నీకు సదువొచ్చు. నాలుగు రోజులు నా గుంటని సూత్తా కూకున్నావ్. 'ఎందుకమ్మా ఇలగ సేత్తన్నావ్' అని ఒక్క ముక్క రాలేదు నీ నోట."

"ముప్పైమందత్తా! ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి ఎందుకమ్మా ఎందుకు నాన్నా అని అడుగుతుంటే సిలబస్ ఎప్పుడవుతుంది?"

"నాను రోజుకి మూడొందల కట్టలు అమ్ముతాను. పొద్దున పచ్చగున్న కట్ట మధ్యాన్నానికి వాడితే, ఎందుకు వాడిందో దారం ఇప్పి సూత్తాను. అది కట్ట, బాబూ. ఇది గుంట."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్? దానికి సారీ చెప్పనా? చెప్తాను."

"సారీ దాని అరికాలికి రాసుకుంటాదేటి? ఇలగ రా, ఎండలోకి. ఇంకా రా. నా పక్కన నిలబడు."

"నేనా? పిల్లలు చూస్తున్నారత్తా!"

"సూడనీ. నాలుగు రోజులు దాన్ని సూడలేదేటి ఆళ్ళు?"

"సరే. సరే, ఇదిగో నిలబడ్డాను. గంటే కదా. చాలా?"

"సాలదు. సెప్పులిప్పు, మాస్టారూ."