వీపుకు బొట్టు

ఆగు యమునా, ఆ తెల్లరంగు డబ్బకు మూత పెట్టు. మీ నాయిన కోపంల అన్న మాటకు గోడ మీద గీసిన తాతను తుడిచేస్తవా?

వింటనే ఉన్న, కింద లొల్లి. ‘సంవత్సరీకానికి మా బాపు బొమ్మ గియ్యమంటే వీపు గీసింది. మొకం లేనోనికి బొట్టు యాడ పెట్టాలె?’ అంటాండు. సుట్టాలు కాజీపేటల దిగిన్రట, ఇగ ఆటోల వచ్చుడే. ఆళ్లొచ్చేసరికి ఈ గోడకు తాత కోటేసుకున్న ఫోటో ఎక్కిస్తడట.

నాకు బొమ్మల సంగతి ఏం తెలుసు బిడ్డా? మొదాల చూసినప్పుడు నేను సుత భయపడ్డ. కుడి భుజం చెవి దాక లేసె. చెయ్యేమో మోకాలు దాటిపాయె. వీపు మీద ఎర్రగ, నీలంగ మంటల లెక్క గీతలు. మనిషికి గా రంగులుంటయా అని అడిగితే, బరువు యాడుంటే ఆడ పెద్దగ గీసిన నానమ్మా అంటివి. ఆ మాట నాకు శానా దినాలు నోట్లె నానింది.

నీ పలక మీద అచ్చరాలు నేర్సినదాన్ని నేను. నా ‘క్ష’ ఇప్పటికీ వంకరనే. అయినా క్షేమం అని రాస్తే, చదివినోళ్లు క్షేమమనే చదువుతరు గద?

నవ్వకు. జర ఇను.

ఆ కోటు ఎవరిదనుకున్నవ్? స్టూడియో వాళ్లది. తొడిగి, మొకానికి పౌడరు కొట్టి, కదలకు అన్నరు. కదలని మీ తాతను నేనెన్నడు చూసిన? కొత్తవాడల మగ్గం గుంతల కూసోని జంపఖానా నేస్తాంటే, ఆ కుడి భుజం లేస్తుండె, పడుతుండె. నేను ఎనుక కూసోని దారం కండెలు సుట్టేది. పొద్దంత నా ముందట ఆ వీపే.

మెట్ల మీద సప్పుడైతాంది. మీ నాయినే. ఉండు, దాగకు, నా పక్కకు రా.

ఒక్క మాట చెప్త, ఆనికి తెల్వనియ్యకు. ఆ ఫోటోకు రోజు దండం పెడతాన్న గని, ఎవరో పరాయోనికి పెట్టినట్టే ఉంటది. అత్తమామల ముందట మొగని మొకం చూసుడు యాడిది మాకు? ఆళ్లు పోయినంక గూడ వంగిన నా తలకాయ లేవలే. కండ్లు మూస్తే ఆయన మొకం నాకు రాదు బిడ్డా. ఇగో, నువ్వు గీసిందే వస్తది.

ఆ కుంకుమ భరిణె ఇటియ్యి. లేసిన భుజానికి పెడత.

మొగడు పోయినదాని చెయ్యి పనికిరాదంటరు. అననీ. ఆయన ఇటు తిరిగి చూస్తడా ఏంది.