మీ నాన్నకి నేను పెట్టిన పేరు

రెండువేల పందొమ్మిది, అప్పుడే చలి మొదలైంది. మీ నాన్న పేరు మారింది అప్పుడే తల్లీ. బళ్ళో చెంగిజ్ ఖాన్ పాఠం చెప్పారు, తాత ఒక్కడే నాన్నని ఆ పేరుతో ఎందుకు పిలుస్తాడు అని అడిగావు కదూ. చెప్తాను, కూచో. ఆ ఫోను బల్లమీద పెట్టు, మొహం ముందు పట్టుకుంటే నాకు మాట రాదు. సరేననడానికి గ్రాండ్ అంటున్నావు, ఇక్కడి పిల్లలు మీకు అన్నిటికీ గ్రాండే.

నేను పగటి బడికి పోయినవాణ్ణి కాదు. పగలంతా కూలి, పొద్దుగూకాక రాత్రి బడి. మా పేటలో, అంటే ఊరి బయట మావాళ్ళని ఉండమన్న చోటు, అక్కడ లాంతరు పెట్టి ఎర్రజెండా మాస్టారు అక్షరాలు దిద్దించేవాడు. కిరసనాయిలు తలా కాస్త తెచ్చి పోసేవాళ్ళం. మీసాలొచ్చాక పలకేంటని మీ నానమ్మ నవ్వేది. అప్పటికి పెళ్ళి కాలేదులే, మా మేనమామ కూతురు, ఎదురిల్లే... ఏం చెబుతున్నాను? ఆ, మాస్టారు. ఆయనే చెప్పాడు చెంగిజ్ ఖాన్ సంగతి. చిన్నతనంలోనే తండ్రికి పగవాళ్ళు విషం పెట్టి చంపారంట. సొంత తెగవాళ్ళే తల్లినీ పిల్లల్నీ బయట వదిలేసి మందల్ని తోలుకుపోయారంట. తల్లి దుంపలు తవ్వి పెంచిందంట. పగవాళ్ళు పట్టుకుని మెడకి బొండకొయ్య బిగించినా తప్పించుకున్నాడంట. అట్లాంటివాడు రాజై, పుట్టుక చూడకుండా, పనిమంతుడైతే చాలు సేనాపతిని చేశాడంట. పుట్టుక చూడని రాజు! మాకు అట్లాంటి మాట అంతకుముందు ఎవరు చెప్పారమ్మా?

మీ నాన్న పుట్టగానే చెంగిజ్ అన్నాను. మా పేటలో అప్పటికే రష్యా పేర్లున్న పిల్లలు ఉన్నార్లే, అదేం వింత కాదు. పాస్టరుగారు మాత్రం ఆ పేరుతో బాప్తిస్మం ఇవ్వనన్నాడు, దావీదు అని పెట్టాడు. మీ గుడిలో మీ ఇష్టం, నా ఇంట్లో నా ఇష్టం అన్నాను. బళ్ళో చెంగిజ్ అనే రాయించాను. మీ నానమ్మ నా ఎదట చెంగిజ్ అనేది, నేను గడప దాటితే దావీదూ అనేది. నాకు తెలుసు. తెలియనట్టు ఉండేవాణ్ణి.

ఆ పేరుతోనే నర్సు చదివాడు, ఆ పేరుతోనే సముద్రాలు దాటి ఈ స్లైగో ఊరు వచ్చాడు. నానమ్మ పోయాక నన్నూ తెచ్చుకున్నాడు. ఇక్కడి ముసలివాళ్ళకి ఆ పేరంటే సరదా. రక్తం తీయడానికి వెళ్తే ఒకావిడ, ఖాన్ వచ్చాడు, ఊరు తగలబెట్టే ముందు నన్ను టీ తాగనివ్వు అనేదంట. ముందు మీ చెయ్యి ఇవ్వండి, ఊరు సంగతి మధ్యాహ్నం చూద్దాం అనేవాడంట మీ నాన్న. ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు. బాగా నవ్వేవాడు అప్పట్లో.

ఆ చలికాలం వాళ్ళ వార్డుకి ఒక అఫ్ఘాన్ పెద్దాయన వచ్చాడు. నా వయసే ఉంటుంది. బామియాన్ అంట వాళ్ళ ఊరు. కాలికి పుండు. మీ నాన్నే రోజూ కట్టు మార్చేవాడు. ఆయన మీ నాన్న చెయ్యి పట్టుకుని వాళ్ళ భాషలో కొడుకా అనేవాడంట. చదువు రాదు ఆయనకి, బ్యాడ్జి మీద ఏముందో తెలియదు. ఒకరోజు ఆయన మనవరాలొచ్చి చదివి చెప్పింది. అంతే. అరవలేదు, తిట్టలేదు. కాలు దుప్పట్లోకి లాక్కుని గోడవైపు తిరిగాడు. మళ్ళీ మీ నాన్నని ముట్టనివ్వలేదు.

మీ నాన్న కంచం ముందు కూచుని, మెతుకు ముట్టకుండా చెప్పాడు ఈ సంగతి. నాకు రోషం వచ్చింది. ఆ రాజు గొప్పతనం నేను చెప్తాను ఆయనకి అన్నాను. వద్దు నాన్నా అన్నాడు. నేనెప్పుడు విన్నాను ఒకరి మాట? ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళాను. ఆయన మాట ఆ మనవరాలు ఇంగ్లీషులో చెప్తే మీ నాన్న నాకు తెలుగులో చెప్పాలి, అట్లా జరిగింది మా మాట. దిక్కులేనివాళ్ళ రాజు అన్నాను, పుట్టుక చూడని రాజు అన్నాను. పెద్దాయన అంతా విన్నాడు. ఆ రాజు మనవడు మా ఊరి మీదికి యుద్ధానికొచ్చి చచ్చిపోయాడు, అందుకని ఆ రాజు మా ఊళ్ళో ఊపిరున్నదాన్ని దేన్నీ మిగల్చలేదు, కుక్కల్నీ పిల్లుల్నీ కూడా, ఆ దిబ్బ ఇప్పటికీ ఉంది, కేకల ఊరంటాం అన్నాడు. ఎన్నో వందల ఏళ్ళ నాటి మాట కదా అన్నాను. అన్నానే గాని, మా తాతల్ని ఊరి బయట పెట్టింది మాత్రం నిన్నా మొన్నా? నేను మర్చిపోయానా?

అప్పుడాయన మీ నాన్న వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆ పిల్ల చెప్పింది. మీ నాన్న నా ఫ్లాస్కు మూత బిగించి, అప్పుడు చెప్పాడు.

"నీకీ పేరు పెట్టింది పగవాడా, కన్నవాడా అని అడుగుతున్నాడు నాన్నా."

ఇంటికొస్తూ కారులో చెప్పాడు, పేరు మార్చుకుంటానని. తండ్రి పెట్టిన పేరురా అన్నాను.

"చెంగిజ్ అని ఆ రాజుకి వాళ్ళ నాన్న పెట్టలేదు నాన్నా. తెమూజిన్ అని పెట్టాడు. పెద్దయ్యాక వచ్చిన పేరు ఇది. నువ్వే చెప్పావు."

నేనే చెప్పాను. అన్నం తినిపిస్తూ చెప్పాను.

కొత్త బ్యాడ్జి వచ్చేసరికి ఆ పెద్దాయన వార్డులో లేడు. కన్నుమూశాడు. దావీదు అన్న పేరు చూడనే లేదు, ఆ పిల్ల చదివి వినిపించనూ లేదు.

నువ్వూ దావీదని పిలవొచ్చుగా తాతా అంటావు. ఆ పేరు నాది కాదమ్మా, మీ నానమ్మది. నా నోటికి రాదు. నేను చెంగిజ్ అనే పిలుస్తాను. మీ నాన్న మందులిస్తాడు, టీ పెట్టి ఇస్తాడు, బయటికెళ్తుంటే నా కోటు గుండీలు పెడతాడు. ఏ లోటూ చెయ్యడు. నువ్వు చల్లగా ఉండు తల్లీ, ఎవరు పిలిచినా పలుకు.

ఆ చలికాలం నుంచి ఇప్పటిదాకా, నేను పిలిస్తే నా కొడుకు పలకలేదు.