కేసముద్రం పద్మ బండి

“స్టీరింగు ఇంకా బరువున్నది.”

“ఇంకానా? నిన్ననే గద తగ్గించిన.”

“నిన్నటికంటె నయమే. అయినా బరువే. రెక్కలు గుంజుతానయ్.”

“దిగకు, ఆడనే కూసో. కాళ్ళు జర పక్కకు జరుపు. లోపల చెయ్యి పెట్టాలె.”

వరంగల్ ములుగు రోడ్డులో ఏలియా షెడ్డు. మధ్యలో ఒక పాత పికప్ బండి, డీజిల్ ఇంజను ఊడదీసి మోటరూ బ్యాటరీలూ బిగించినది. డ్రైవర్ సీటులో ఆయన భార్య దీనమ్మ. ఏలియా లివరు చెడింది, ఇక నెలలే అంది డాక్టరమ్మ. పెళ్ళాం దగ్గర గడ్డిపోచ దాచలేని మనిషి, కొండంత సంగతిని కడుపులో పెట్టుకుని పానా పట్టుకు తిరుగుతున్నాడు.

“నన్నెందుకయ్యా కూసోబెడతానవు? ఆ పద్మనే పిలువు. ఆమె బండి, ఆమె చేతులు.”

“ఆమె కేసముద్రంల ఉంటది. ఊకూకె రమ్మంటే వస్తదా? నీ అంతే ఎత్తుంటది. నీకు సరిపోతే ఆమెకు సరిపోయినట్టే.”

“నా అంతేనా. చేతులు గూడ నా అసొంటియేనా?”

“ఇంచుమించు.”

“బాగనే చూసినవు.”

“ఏందే, ఈ వయసుల.”

“నేనేమంటిని? బాగ చూసినవన్న. సీటు ముందుకు జరిపినవు, పెడలుకు కట్టెముక్క బిగించినవు. నా కుట్టుమిషను స్టూలు ఊగుతాందని ఎన్నిసార్లు మొత్తుకున్న? ఒక్క మొల కొట్టినవా?”

“కొడత.”

“ఎప్పుడు?”

“కొడత అంటే కొడత. ముందు ఈ బండి కానియ్యి.”

“డీజిల్ బండ్లకు ఇంత తిప్పలు లేకుండె గద.”

“దానికి ఇంజను తిరిగితే బెల్టు తిరుగుతది, బెల్టు పంపును తిప్పుతది, ఆ పంపే స్టీరింగుకు సాయం. ఇంజను తీసేసినంక పంపును తిప్పేటోడు ఎవడున్నడు? అందుకే స్టీరింగు రాడుకే ఒక చిన్న మోటరు పెట్టిన. బండి మెల్లగ పోతే స్టీరింగు తేలిక, జోరుగ పోతే జర బిగువు. ఎంత తేలిక అనేదే లెక్క.”

“ఆ చిన్న మోటరు చెడిపోతే?”

“రాడు రాడే ఉంటది. చేతులతోని తిప్పుకోవచ్చు. కష్టమైతది గాని బండి చెయ్యి జారదు. రాడే వద్దు, ఒట్టి వైర్ల మీద నడిపిద్దామన్నడు కాజీపేట మెకానిక్ ఓంప్రకాశ్. నేను ఒప్పుకోలే.”

“ఎందుకు?”

“సాయం జేసేది పోయిన్నాడు ఆమె నడిరోడ్డు మీద ఆగద్దు.”

“మంచిగ ఆలోచన జేసినవు.”

“పెద్ద మోటరు గూడ ఎనకకు ఒక్కటే పెట్టిన. చక్రానికొకటి పెడ్తే జోరు ఎక్కువ, కాని ఒకటి ఖరాబైతే బండి ఓ దిక్కు గుంజుతది. ఆమె బెదురుతది. కాలు పెట్టంగనే దుంకకుండ మెల్లగ కదిలేటట్టు చేసిన. గేర్లు లేవు, క్లచ్చు లేదు. కాలు తీస్తే దానంతటదే నెమ్మదైతది. మిర్చి బస్తాలేసుకోని కాజీపేట బ్రిడ్జి ఎక్కుతది, ఫికర్ లేదు.”

“ఆమెకు పిల్లలా?”

“ఒక్క బిడ్డ. కాలేజీకి పోతాంది.”

“మన షారోన్ లెక్కనే.”

“ఆఁ. గట్లనే. ఎనుమాముల మార్కెట్ల కిరాయికి పెట్టుకున్నా ఇల్లు నడుస్తది. ఒకల ముందట చెయ్యి చాపే పని ఉండదు.”

“మొగడు లేడా?”

“లేడు.”

“ఎప్పుడు పోయిండు?”

“ఇంక... ఈ నడుమనే.”

“పాపం. మంచోడేనా?”

“నాకేమెరుక. మొండోడంటరు. ఉన్నన్ని దినాలు ఆమెను పక్క సీట్లనే కూసోబెట్టిండట. స్టీరింగు ముట్టనియ్యలేదట.”

“పక్క సీటు గూడ బాగనే ఉంటది లే. ముచ్చట పెట్టుకుంట పోవచ్చు.”

“దీనా.”

“ఊఁ.”

“ఏం లేదు. ఆ స్క్రూడ్రైవరియ్యి.”

“ఇగో. ఏమైంది? ఎందుకు గట్ల వంగినవు?”

“గ్యాసు.”

“గ్యాసేనా?”

“గ్యాసే. పొద్దుగాల జావ తాగిన గద.”

“జావ తాగితే ఎవలికన్న గ్యాసైతదా?”

“నాకైతది. ఏంది నీ లొల్లి.”

“సరే, గ్యాసే. అట్ల టైరుకు ఒరిగి కూసో. నీళ్ళు తాగు. పనెక్కడికి పోదు.”

“తగ్గింది. ఇగ తిప్పు. పూరాగ కుడికి. మార్కెట్ల బస్తాల నడుమకెల్లి రివర్స్ తీస్తానవనుకో.”

“తిప్పిన.”

“ఎట్లున్నది?”

“బరువే.”

“ఆదివారం వరకు అయిపోవాలె దీనా. పాస్టరయ్యకు చెప్పిన. ఆరాధన అయినంక వచ్చి స్టీరింగు మీద చెయ్యి పెట్టి ప్రార్థన జేస్తడు.”

“ఎవలి బండికి?”

“ఈ బండికే.”

“పద్మ మన సంఘపామెనా?”

“కాదు.”

“మరి? ఆమె టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి భద్రకాళి గుడికి తీస్కపోతది. మన పాస్టరయ్యతోని ఏం పని?”

“దేవుడు దేవుడే గద. ఎవలైతేంది.”

“ఎప్పటి సంది?”

“మాట మార్చకు. ఇంకోసారి తిప్పు.”

“తిప్పుతాన. బరువే అంటాన గద.”

“దీనమ్మా.”

“ఏంది?”

“ఒక్క వేలుతోని తిప్పుతానవు.”

“ఎక్కడ?”

“అద్దంల కనబడతాంది. ఒక్క వేలు. ఇంతకంటె తేలిక జేస్తే బండి గాలికి గూడ తిరుగుతది.”

“నీకు అట్ల కనబడ్డది.”

“నాకు కండ్లున్నయే. రోజు దీనితోని కుస్తీ పడతాన. ఆ చిన్న మోటరు అంకె మార్చుడు, విప్పుడు, బిగించుడు. ఎందుకు అబద్దం చెప్పినవు? నాకు టైం లేదు.”

“ఎందుకు లేదు?”

“పద్మ తొందర పెడతాంది.”

“పద్మ లేదు.”

“ఉన్నది. కేసముద్రం మార్కెట్ల మిర్చి...”

“లేదయ్యా. పద్మను నేనే. ఆ మొండి మొగనివి నువ్వే.”

“ఎవలు చెప్పిండ్రు నీకు?”

“రిపోర్టులొచ్చిన్నాడు నువ్వు మందులకు పోతివి గద. డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. నాకు తెలుసన్న సంగతి నీకు చెప్పద్దని ఆమె చేతులు పట్టుకున్న.”

“నేను గూడ పట్టుకున్న. నీకు చెప్పద్దని.”

“పాపం ఆమె. ఇద్దరికి మాటిచ్చింది.”

“ఏడ్వకు.”

“నేను ఏడుస్తలేను. నువ్వేడుస్తానవు.”

“సరే, నేనే. నాకు భయమైతాందే దీనా. బండి నీ చేతికి అలవాటైతే గింత ధైర్యమన్న ఉంటదనుకున్న.”

“ఎరుకే. ఇటు రా. నా పక్క సీట్ల కూసో జరసేపు.”

“కూసుంట గాని, ఒకటి చెప్పు. అన్నీ తెలిసి బరువు బరువని ఎందుకు సతాయించినవు? ఎప్పటి సంది తేలికున్నది?”

“మొదటి దినం సంది.”

“మరి?”

“బరువున్నదంటే తెల్లారి లేసి షెడ్డుకొస్తానవు. అయిపోయిందని ఏ నోటితోని చెప్పాలె నీకు?”