ఏసమ్మ బుట్ట ఎత్తేదాకా

1996 జూలై పదిహేనవ తేదీ ఉదయం, రేపల్లె నుంచి తొలి బండిలో తెనాలి చేరి, అక్కడ బస్సెక్కి, మా ఏటి గట్టున దిగిన శ్రీ గౌరీశంకరం గారు, మా యజమాని శ్రీ బసవేశ్వరరావు గారు సొంత వ్యయంతో నిర్మించిన ఈ చిన్న జలవిద్యుత్ కేంద్రంలో గేట్ల ఆపరేటరుగా బాధ్యతలు స్వీకరించారు.

తొలినాళ్లలో ఆయనతో వేగడం మా సిబ్బంది అందరికీ కష్టమే అయింది. సైరన్ మోగించాక కూడా గేటు చక్రం తిప్పేవారు కాదు. ఆనకట్ట మీద నిలబడి ఎర్ర తువ్వాలు పైకెత్తేవారు. దిగువన చేపలు పట్టుకునే ఏసమ్మకు చెవులు వినపడవు. తువ్వాలు చూసి, ఒడ్డెక్కి, ఆమె తన చేపల బుట్ట ఎత్తి చూపాకే నీరు వదిలేవారు. "ఏంటండీ ఈ ఆలస్యం?" అని యజమాని విసుక్కుంటే, "ఏసమ్మక్క ఇంకా ఎక్కలేదండి" అనేవారు తాపీగా.

క్రమేణా షిఫ్టు ఇన్‌చార్జిగా, పిదప కేంద్ర పర్యవేక్షకులుగా పదోన్నతి పొందినప్పటికీ, ఆ చక్రాన్ని మాత్రం మరొకరి చేతికి మనస్ఫూర్తిగా అప్పగించలేకపోయారు.

నిరుటి వానల్లో ఏసమ్మ జ్వరంతో కన్నుమూసింది. దినం భోజనం చేసొచ్చిన మర్నాడు ఆయన యథాప్రకారం సైరన్ మోగించి, తువ్వాలు ఎత్తి, అలాగే నిలబడిపోయారు.

"తిప్పమంటారా సార్?" అన్నారు సహాయకులు గోపీనాథ్.

"ఉండవయ్యా, ఏసమ్మక్క ఇంకా..."

తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడ్డారు. మాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు నుంచీ, ఎవరున్నా లేకున్నా, ఒడ్డుదాకా నడిచి చూసొచ్చాకే ఆయన నీరు వదులుతున్నారు.

ఈ నెలాఖరున ఆయన పదవీ విరమణ చేస్తున్నారు; వచ్చే నెల నుంచి గేట్లు తెనాలి ఆఫీసులోని మీటతో తెరుచుకుంటాయి. "మీట నొక్కేముందు ఒక మనిషిని ఒడ్డుకు పంపండి సార్" అని ఆయన అడిగారు. "కెమెరా పెడుతున్నాం కదండీ" అన్నారు యజమాని. ఆ పూట గౌరీశంకరం గారు అన్నం ముట్టలేదు.

అయ్యా, ఆ దిగులు మీకొద్దు. ఒడ్డుకు మేం వెళ్తాం, వంతులేసుకున్నాం. పదవీ విరమణ నాడు మీరు చివరిసారి తువ్వాలు ఎత్తినప్పుడు ఏసమ్మ కోడలు కోటమ్మ ఆ పాత బుట్టే ఎత్తి చూపుతుంది. చూసుకుని, నిశ్చింతగా చక్రం తిప్పండి. ఆపైన, శ్రీమతి మాణిక్యాంబ గారితో కలిసి, ఏ సైరనూ నిద్ర లేపని ఉదయాలను సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లూ అనుభవించండి.