నాలుగు చూపించిన తెర

నా పేరు, తండ్రిగారి పేరు, ఇంటి నంబరు పై కాగితంలో స్టేషన్ రైటరుగారు రాశారు. అవి సరిగ్గానే ఉన్నాయి. నన్ను అందరూ వైర్లాయన అంటారు. వయసు నలభై ఆరు. కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు, వైరింగు చూసుకోవడం నా పని. ప్రోగ్రాములు రాయడం పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. ఏ రోజు చేసిన పని ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఆ నోట్‌బుక్ మీకు ఇస్తున్నాను. చనిపోయిన మెషిన్ ఆపరేటరు మా అక్క భర్త. నన్ను ఆ పనిలో పెట్టించింది ఆయనే.

అక్కడ గదులు తొమ్మిది. గదుల్ని చల్లబరిచే గ్యాసు అమ్మోనియా, పీలిస్తే ప్రమాదం; అది గాలిలో ఎంతుందో కొలిచే పరికరం ప్రతి గదిలోనూ ఉంది. ఆ తొమ్మిదీ ఒక పెట్టెకు కలుస్తాయి. పెట్టె నెట్‌వర్క్ వైరు మీద నా కంప్యూటరుకు లైన్లు పంపుతుంది. గది నంబరు, కామా, రీడింగు, చివర ఒక నిలువు గీత. గీత వస్తే లైను పూర్తయినట్టు. రీడింగు యాభై దాటితే సైరన్ మోగాలి.

అయితే వైరు లైన్లు విడదీసి ఇవ్వదు. అప్పటికి ఎంత వస్తే అంత ఇస్తుంది. ఒక్కోసారి లైను సగంలో తెగుతుంది. ఒక్కోసారి నాలుగైదు లైన్లు అతుక్కుని వస్తాయి. వచ్చిన సగాన్ని దాచి ఉంచి, మిగతాది వచ్చాక కలిపి, గీత దాకా చదవాలి. ఇది నాకు అప్పుడు తెలియదు. ఒకసారి చదివితే ఒక లైను వస్తుందనుకున్నాను. మామూలు రోజుల్లో అలాగే వచ్చేది.

ఈ పెట్టె పెట్టిన మొదటి నెలలో తెగిన లైన్లు అతుక్కుని, అంకెలు కలిసిపోయి రెండుసార్లు సైరన్ ఊరికే మోగింది. ప్యాకింగు వాళ్ళంతా బయటికి పరుగెత్తారు. మేనేజరుగారు, "ఏమయ్యా, నీ పెట్టె తుమ్మినా సైరనేనా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ రోజే, సరిగ్గా ఒక్క పూర్తి లైను కాకుండా ఏది వచ్చినా పారేయమని ప్రోగ్రాంలో రాశాను. నోట్‌బుక్‌లో ఇరవై మూడో పేజీ చూడండి. "తెగినవీ, అతుక్కున్నవీ పారేయడం. పెట్టాను. సైరన్ గొడవ తీరింది" అని ఉంటుంది.

ఈ నెల తొమ్మిది, మంగళవారం. మధ్యాహ్నం రెండు నలభై ఒకటికి బావ ఫోను చేశాడు.

"బావమరిదీ, ఏడో గది తలుపు దగ్గర కాస్త ఘాటుగా ఉంది. నీ పెట్టె ఏమంటోంది?"

తెర చూశాను. "నాలుగే బావా."

"మాస్కు తెచ్చుకోనా? పైన ఉంది."

"నాలుగుకి మాస్కెందుకు? నీ మీసం నలుగుతుంది."

ఆయన నవ్వాడు. "సరేలే, ఆ వాల్వు చూసొస్తా" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

రెండు యాభై రెండుకు ప్యాకింగ్ మేస్త్రీ ఆయన్ని బయటికి లాగాడు. ఆసుపత్రికి వెళ్ళే దారిలో పోయాడు. అప్పటికీ నా తెర మీద ఏడో గదిలో నాలుగే ఉంది.

పెట్టె తను పంపిన ప్రతి లైనునూ దాచుకుంటుంది. సాయంత్రం తీసి చూశాను. మామూలప్పుడు ఒక్కో గదికి నిమిషానికి ఒక లైను. గ్యాసు పెరిగితే క్షణానికి ఒకటి. రెండు ముప్ఫై అయిదు నుంచి అవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి అతుక్కున్నాయి, తెగాయి. నా ప్రోగ్రాం అన్నిటినీ పారేసి, పాత నాలుగునే చూపిస్తూ కూర్చుంది. రెండు నలభై ఒకటికి ఏడో గది రీడింగు మూడు వందల పది. నేను నాలుగు అన్నాను.

మేనేజరుగారు పన్నెండో తేదీన ఒక కాగితం ఇచ్చారు. ఆపరేటరే సైరన్ స్విచ్ ఆపి, మాస్కు లేకుండా వెళ్ళాడని అందులో ఉంది. "పోయినవాడి ఉద్యోగం ఎలాగూ పోదు. బతకాల్సింది నువ్వు. సంతకం పెట్టెయ్" అన్నారు. నేను పెట్టలేదు. పెట్టనని చెప్పనూ లేదు.

నిన్న అక్క దగ్గరికి వెళ్ళాను. "ఆయనే ఆపాడంటున్నారు, నిజమేనా తమ్ముడూ? పొయ్యి కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కొచ్చే మనిషిరా" అంది. అక్క ఇచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

స్విచ్ ఎవరూ ఆపలేదు. ఆ సాయంత్రం నేనే చూశాను, ఆన్‌లోనే ఉంది. మాస్కు వద్దన్నది నేను. బావ తప్పు ఏమీ లేదు. ఈ మాట మా అక్కకు మీరు చెప్పినా సరే, నన్ను చెప్పమన్నా సరే.

రైటరుగారు దీన్ని నాకు చదివి వినిపించారు. సగంలో ఫోను వచ్చి ఆగి, "మిగతాది తెలిసిందేగా, సంతకం పెట్టు" అన్నారు. మిగతాది కూడా చదవమని అడిగాను. చదివారు. చివరి మాట దాకా విన్నాను. నేను చెప్పిందే ఉంది, అంతా ఉంది, అది నిజం.

(సంతకం)